కాలిన మోటారు తీగ

మోటారు విప్పగానే ముందు వాసనే చెబుతుంది,
నీళ్ళు లేక ఎన్నాళ్ళు ఉత్త గాలి తాగిందో.
సిలారు మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని
"పోయింది" అంటాడు.
అక్కణ్ణుంచి పని నాది.

పొదిలిలో, కనిగిరి రోడ్డు పక్క రేకుల షెడ్డులో
చాప మీద కాళ్ళు బారజాపుకుని
గాళ్ళలోంచి కాలిన తీగ లాగడం, కొత్త తీగ చుట్టడం.
చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలకను.
ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది...
పెళ్ళైన కొత్తలో నాకు పొగరనుకున్నారు.

ఈ మోటారు మాలకొండయ్యది.
మూడుసార్లు కాలింది, మూడుసార్లూ నేనే చుట్టాను.
నాలుగోసారి ట్రాలీ ఆటోలో తెచ్చి దింపిపోయాడు.
ఉగాది వెళ్ళింది, రొట్టెల పండగా వెళ్ళింది,
మనిషి రాలేదు.
పాత రాగికి తూకం బాగానే ఉందన్నాడు సిలారు.
సరేనన్నాను గానీ
తీగని సంచిలోకి ఎత్తలేదు.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
చేతులు ఊరుకోక
నలభై పోగులు కలిపి జడలా మెలేశాను.
ఒక చివర చీలిస్తే కొమ్మలు, ఇంకో చివర చీలిస్తే వేర్లు.
రెంటికీ పని ఒకటే.
నిలబెట్టిందాకా ఏది ఆకాశమో తీగకీ తెలియదు.
కాలిన చోటల్లా పుటుక్కున తెగింది.
తెగినవాటిని తెగినట్టే వదిలేశాను,
ఎండు రెమ్మలు లేని చెట్టుని
నేనైతే ఈ చుట్టుపక్కల చూడలేదు.

మట్టి చెరువుది, పెచ్చులు లేచిపోయి అప్పడాల్లా ఉన్నది.
రాత్రంతా నానబెట్టి, పాత చీర కొంగులో వడకట్టి
చిటికెడు దూది కలిపాను.
దూది పడకపోతే నెర్రెలిస్తుందని
పొయ్యిలు మెత్తే మా అత్త కాశింబీ చెప్పిన మాట.
తడి ఆరకముందే పిన్నీసుతో బెరడు గీశాను.
గీస్తూ గీస్తూ అన్నం మాడబెట్టాను.

రాళ్ళు ఏసోబు ఇచ్చాడు, చీమకుర్తి లారీ క్లీనరు.
నల్లరాతి పెళ్ళలు, లోపల జరీ చుక్కలు.
మూల విరక్కపోతే నున్నగా అద్దమై
ఓడెక్కి ఏ దేశం గచ్చుకో పోవలసినవి.
విరిగాయి గనక మనవయ్యాయి.
పెద్దదాన్ని పీటగా వేసి వేర్లు దాని మీద పరిచాను,
మిగతావి సుత్తితో నలగ్గొట్టి
గింజంత గింజంత ఆకులుగా తీగ కొసలకి చుట్టాను.
ఇక్కడా లెక్కే. నూట పన్నెండు దాకా వచ్చి
సిలారు టీ అడిగితే తప్పిపోయాను.

మొదట్లో రెండో పూత పచ్చిగా ఉండగానే
గుమ్మంలో నీడ పడింది.
మాలకొండయ్య.
చెప్పులు బయటే విడిచాడు, మా షెడ్డులో ఎవరూ విడవరు.
మోటారు గురించి అడుగుతాడనుకుని
నోట్లో సమాధానం సర్దుకుంటున్నాను.
అతను చెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇది నా తీగేనా?"
అవునన్నాను.
"ఏం చెట్టమ్మా?"
ఏదో ఒక చెట్టు, అన్నాను.

కాసేపు చూసి
"బత్తాయి అయితే కొమ్మ ఇట్టా ఆకాశానికి పోదు,
కాపు మీదుంటే ఇట్టుంటది" అని
రెండు వేళ్ళతో ఒక్కో కొమ్మా కిందికి వంచాడు.
తొందర లేదు. పిల్ల తల దువ్వుతున్నట్టు వంచాడు.
ఒక తీగ విరిగితే నాలిక కరుచుకున్నాడు.
ఎన్ని చెట్లు కొట్టేశావని నేనడగలేదు.
ఆ దారిన బొగ్గు బట్టీలకి పోయిన ట్రాక్టర్లని
ఈ షెడ్డులోంచి నేనూ చూశాను.

లేవబోతూ ఆగి
బొటనవేలు పచ్చి మట్టిలో దింపి
మొదలు చుట్టూ ఒక్క తిప్పు తిప్పాడు.
పాదు.
గట్టు ఎక్కడా తెగకుండా, గుండ్రంగా,
చుక్క నీళ్ళు పోసినా బయటికి పోనట్టు.

"రాగి నువ్వే ఉంచుకో" అన్నాడు, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ.
పాత బాకీ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

సాయంత్రానికి మట్టి ఆరింది, పాదు నిలిచింది.
దూది కలిపాను కదా,
అయినా ఒకచోట సన్నగా నెర్రె.